నాన్నగారి పేరున ప్రాణాయామం

పోయిన నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి బట్టలకని భీమవరం వెళ్ళినప్పుడు ఆటో ఉన్నట్టుండి ఆ వీధిలోకి తిరిగింది. రొయ్యల మేత కొట్ల వీధి. కంటికంటే ముందు ముక్కుకి తెలిసింది. ఎండుచేపల పొడి, తవుడు, వాటి మీద కాస్త చేపనూనె కలిసిన ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మరిచిపోరు. నేనైతే దాన్ని ఊరికే పీల్చలేదు, పద్ధతిగా, ఈ ముక్కు మూసి ఆ ముక్కుతో, ఆ ముక్కు మూసి ఈ ముక్కుతో, పొట్ట నిండా పీల్చినదాన్ని. తలెత్తి చూస్తే మేడ మీద మా యోగా హాలు లేదు. దాని చోట అద్దాల గోడ, అద్దాల వెనక యంత్రాలు, వాటి మీద అంగుళం ముందుకి వెళ్ళకుండా చెమటలు కక్కుతూ పరిగెడుతున్న మనుషులు. కింద కొట్టు మాత్రం ఇంకా మేత కొట్టే. ఆటో ఆపమన్నాను. "ఇక్కడేం కొంటారండీ?" అన్నాడు డ్రైవరు. "ఏం కొననయ్యా, ఒక్కసారి ఊపిరి తీసుకుని వచ్చేస్తాను" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను అదోలా చూశాడు. మా ఆడపడుచు "వదినా, ఊపిరి మా ఊళ్ళోనూ దొరుకుతుంది గానీ, షాపు మూసేస్తారు, కూర్చో" అని చెయ్యి పట్టుకుని లాగింది. కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ ఆ రోజు ఏ చీర చూపించినా నా కళ్ళకి నీళ్ళ మీద తిరిగే చక్రాలే కనపడ్డాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో కుదురుగా ఒకచోట ఉండే వస్తువు రుబ్బురోలు ఒక్కటే. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, వసారాలో పడక్కుర్చీలో కూర్చుని జపమాల తిప్పేది గానీ, ఆ జపం సగం దేవుడికి, సగం వంటింటికి. "రామ రామ రామ... ఒసేయ్ పాలు పొంగుతున్నాయే... రామ రామ... ఆ పిల్లి లోపలికి వెళ్ళింది చూడండర్రా... రామ." అమ్మ కాఫీ ఎప్పుడూ నడుస్తూనే తాగేది. గ్లాసు దొడ్లో మొదలుపెడితే వీధి గుమ్మం దగ్గర పూర్తయ్యేది. నాన్నగారు అన్నం తింటున్నంతసేపూ చెయ్యి కంచంలోనూ చెవి చెరువు మీదా ఉండేవి. ఇహ నేను. నాకు కాలు ఊపే జబ్బు. కాలేజీలో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మూడేళ్ళూ బస్సు ప్రయాణం చేసినట్టే చేశారు. డిగ్రీ అయి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న కాలం అది. సీటూ రాలేదు, సంబంధమూ కుదరలేదు. పెళ్ళివారు వస్తున్నారంటే అమ్మ మొదట చెప్పే మాట "చీర సంగతి తర్వాత, ముందు ఆ కాలు జాగ్రత్త" అని.

ఇంత గాబరా మా ఇంట్లో మొదట్నుంచీ లేదు. వరి చేలు ఉన్నన్నాళ్ళూ నాన్నగారు హాయిగా నిద్రపోయేవారు. వరికి మనిషిని నిద్రలేపే అలవాటు లేదు. నారు పోస్తే అది పెరుగుతుంది, మనం వీధరుగు మీద కూర్చుని చుట్టుపక్కల సంగతులు మాట్లాడుకుంటే దానికేం అభ్యంతరం ఉండదు. ఊరంతా చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసినప్పుడు మేమూ చేశాం. ధాన్యం వదిలేసి వచ్చినవాళ్ళం, ధ్యానం మాకెక్కడ అబ్బుతుంది! రొయ్యకి నీళ్ళలో గాలి కావాలి. రాత్రంతా చెరువులో గాలి తగ్గుతూ తగ్గుతూ వచ్చి సరిగ్గా తెల్లవారబోయే ముందు అడుగంటుతుంది. ఆ వేళకి నీళ్ళని చిలికే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోయి అవి ఆగాయా, కాసేపట్లో రొయ్యలు పైకి తేలి, మూతులు నీళ్ళ మీద పెట్టి కొట్టుకుంటాయి. అప్పుడు షెడ్డులోకి పరిగెత్తి, ఆయిలింజన్‌కి హ్యాండిల్ తగిలించి, ఒక చేత్తో పైనున్న లివరు ఎత్తి పట్టి, ఇంకో చేత్తో తిప్పి, వేగం అందాక లివరు వదిలి, జనరేటర్ అందుకునేలా చెయ్యాలి. కాపలా మనిషి ఉన్నా నాన్నగారికి నమ్మకం లేదు. చీకటితోనే లేచి గట్టు మీదకి వెళ్ళిపోయేవారు. ఇంట్లో ఉన్నప్పుడు ఫ్యాను ఆగితే చాలు, మెలకువలో అయినా నిద్రలో అయినా లేచి నించునేవారు.

అలాంటి ఒక తెల్లారగట్ల ఇంజను తిప్పుతూ తిప్పుతూ ఆయన మేత బస్తా మీద కూలబడ్డారు. గ్యాసనుకుని సోడా తాగారట. సోడాకి తగ్గే నొప్పి కాదది. భీమవరం ఆస్పత్రిలో ఉంచి, పంపించేటప్పుడు డాక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నారు: "రొయ్యలకి గాలి పెడుతున్నారు, బావుందండి. మీ గుండెకెవరు పెడతారు? ఆ హ్యాండిల్ ముట్టుకోకండి. నడవండి. ప్రాణాయామం చెయ్యండి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోండి. ఈ కంగారు తగ్గకపోతే ఇంకోసారి వస్తుంది. ఇంకోసారి వస్తే నేను చెయ్యగలిగేది పెద్దగా ఉండదు." నాన్నగారు "ఆయ్, అలాగేనండి" అన్నారు. గోదావరి వాళ్ళ 'ఆయ్' తెలియనివాళ్ళు దాన్ని ఒప్పుకోవడం అనుకుంటారు. అది విన్నామని చెప్పడం, అంతే. అమ్మ ఆ మాటలు విన్నది మొదలు కాఫీ కూడా తాగడం మానేసింది. నాకు ఆ 'ఇంకోసారి' అన్న మాట కాలిలోకి దిగిపోయింది.

యోగా నేర్పే మేడంగారు భీమవరంలో ఆ మేత కొట్టు మీది హాలు అద్దెకి తీసుకున్నది అప్పుడే. రాజమండ్రిలో హిందీ టీచరుగా చేసి రిటైరై, కూతురి దగ్గరికని వచ్చారు. పొట్టిగా, పల్చగా, తెల్లటి నేత చీరలో ఉండేవారు. మెట్ల దగ్గర బోర్డు పెట్టించారు: శరీరం, మనసు, ఆత్మ, మూడూ ఒకేచోట. నేను ఇంటికొచ్చి చెబితే మామ్మ జపమాల ఆపి, "మూడూ ఒకేచోటంటే ఏంటే? ఇప్పుడు వేరే వేరే చోట్ల ఉన్నాయా?" అంది. అప్పుడు నవ్వాను గానీ, మా నాన్నగారి శరీరం భోజనం దగ్గర, మనసు చెరువు దగ్గర ఉంటాయన్న సంగతి మాకందరికీ తెలుసు. మూడోదాని ఆచూకీ ఆయన్ని ఎవరూ అడగలేదు.

క్లాసు తెల్లారగట్ల. అక్కడే వచ్చింది చిక్కు. "సరిగ్గా రొయ్యకి ఊపిరాడని టైములో నన్ను మేడెక్కి ఊపిరి పీల్చుకోమంటారేంటి?" అన్నారు నాన్నగారు. అమ్మ ఏడ్చింది. మామ్మ తిట్టింది. ఆయన కాసేపు ఆలోచించి, నాకేసి తిరిగి, అదే పరిష్కారమన్నంత స్థిమితంగా, "అమ్మలూ, నువ్వు ఖాళీగానే ఉన్నావు కదమ్మా. నువ్వెళ్ళి నా పేరున చేసెయ్" అన్నారు.

ఒక్కరూ నవ్వలేదు. మా ఇంట్లో అది నవ్వే మాట కాదు మరి. గుడికి వెళ్ళలేనివాళ్ళ గోత్రం, పేరు వెళ్ళినవాళ్ళు చెబుతారు, అర్చన జరుగుతుంది, కుంకుమ ఇంటికొస్తుంది. నా పరీక్షలకి అమ్మ పెనుగొండ వెళ్ళి అమ్మవారి దగ్గర నా పేరు చెప్పి వచ్చేది. నాన్నగారికి శని బాగులేదంటే శనివారాలు మామ్మ ఉపవాసం ఉండేది, నాన్నగారు మూడు పూటలా తినేవారు. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే మా చిన్నాన్న తిరుపతిలో గుండు చేయించుకొచ్చాడు, నా జడ నాకే ఉంది. ఇన్ని జరిగిన ఇంట్లో ఒకరి ఊపిరి ఇంకొకరు పీల్చడం వింతేమీ కాదు. మామ్మ కూడా తేలిగ్గా ఊపిరి తీసుకుని, "అదీ బానే ఉంది. కూతురు చేస్తే తండ్రికి చెందదా ఏంటి" అంది.

మొదటి రోజు మేడంగారు పేరడిగితే నేను చేతులు కట్టుకుని నాన్నగారి గోత్రం, నక్షత్రం, పేరు వరసగా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఇది నీ పేరా అమ్మా?" అన్నారు.

"మా నాన్నగారి పేరండి. ఆయనకి గుండె బాగోదండి. చెరువు వదిలి రాలేరండి. ఆయన పేరున నేను చేస్తానండి."

"ఆయనకి ఆకలేస్తే అన్నం కూడా నువ్వే తింటావా?"

"లేదండి. కానీ ఆయన కోసం మా మామ్మ తినడం మానేస్తుందండి."

ఆవిడ నవ్వు ఆపుకోలేదు. నవ్వి, "సరే, రా, కూర్చో. ఎవరి పేరున వచ్చినా నడుం మాత్రం నీదే వంగాలి" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే నాన్నగారు, "ఆవిడ కొత్త కదా, మన పద్ధతి తెలీదులే" అని ఆవిడ్ని క్షమించేశారు.

నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి నానా తంటాలూ పడ్డాను అనాలి. పద్మాసనమంటే కాళ్ళు తామరపువ్వులా అమరాలి, నావి జంతికల్లా చుట్టుకుని విడిపోయేవి కావు. శవాసనం ఒక్కటే బాగా వచ్చేది, అదీ కాలు ఊపకుండా ఉన్నంతసేపే. మేడంగారు "దీర్ఘంగా పీల్చండి" అనేవారు, కింద కొట్టువాడు అప్పుడే కొత్త బస్తాలు దింపించేవాడు. హాలు నిండా చేపపొడి. మా పక్కన ఐసు ఫ్యాక్టరీ ఓనరుగారు ధ్యానమనగానే గురకలోకి వెళ్ళిపోయేవారు. ఆయన్ని చూసి నాకు అసూయ. కళ్ళు మూసుకుంటే నాకు చీకటి కాదు, చెరువు కనిపించేది. ఇప్పుడు గట్టు మీద ఉన్నారా, షెడ్డులో ఉన్నారా, హ్యాండిల్ పట్టుకున్నారా. కాలు కదలబోయేది. కదిపితే ఆయన గుండె కదులుతుందని బిగబట్టేదాన్ని. చదువుకున్నదాన్నే, డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను, గుండెకి ఎన్ని గదులో బొమ్మ గీసి చూపించగలను. అయినా నా కాలికీ ఆయన గుండెకీ మధ్య ఒక తీగ ఉందని నమ్మాను. ఆ నమ్మకంతో కూర్చున్నవాళ్ళకి కుదురెక్కడిది? ఇంటికెళ్ళగానే ముందు ఆయన ముఖంలోకి చూసేదాన్ని. "ఎలా ఉంది నాన్నగారూ?" "నాకేంటమ్మా, నువ్వు చేస్తున్నావుగా" అని పెసరట్టు తుంపుకునేవారు. ఆ మాటకి మా అమ్మ కళ్ళు తుడుచుకునేది, నేను వెళ్ళి మర్నాటికి మోపెడ్‌లో పెట్రోలుందో లేదో చూసుకునేదాన్ని. ఒకరోజు మేడంగారు మెట్ల మీద ఆపి, "నీ కోసం ఎప్పుడు కూర్చుంటావమ్మా?" అని అడిగారు. "సీటు వచ్చాకండి" అన్నాను. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

చలికాలం మొదట్లో, కాపలా మనిషి బావమరిది పెళ్ళికని వెళ్ళిన రోజుల్లో, శవాసనంలో ఉండగా మా తలమీది ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. మిగతావాళ్ళకి అది ఎంత సుఖంగా ఉందో ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. కింద వీధి కూడా చప్పుడాపేసింది. "ఈ నిశ్శబ్దాన్ని గమనించండి" అన్నారు మేడంగారు. నేను గమనించింది ఒక్కటే. మా ఊరికీ ఇక్కడికీ ఒకటే కరెంటు లైను. చెరువు మీద కూడా ఇంతే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాన్నగారు ఒక్కరూ షెడ్డుకేసి పరిగెడుతుంటారు. శవం లేచినట్టే లేచాను. మెట్లు దిగి మోపెడ్ ఎక్కి ఊరి వైపు కాలవగట్టు దారి పట్టాను. మంచులో కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. దారిపొడుగునా అందరి చెరువుల మీదా ఇంజన్లు ఒక్కొక్కటే అందుకుంటున్నాయి. మా షెడ్డు వైపు నుంచి మాత్రం చప్పుడు లేదు.

వెళ్ళేసరికి ఆయన నిలబడే ఉన్నారు. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చెయ్యి గోడకి. ముఖం బూడిద రంగులో ఉంది. బయట నీళ్ళ మీద సన్నగా చిటపటలాడుతోంది, రొయ్యలు తేలాయి. నన్ను చూసి ఆయన మొదట అన్న మాట ఇది:

"నువ్విక్కడున్నావేంటి? మరి అక్కడ నా ధ్యానం ఎవరు చేస్తున్నారు?"

ఏడవాలో నవ్వాలో తెలియక అరిచాను. ఆయన ముందు అంతకుముందు ఎప్పుడూ అరవలేదు. "ఎవరూ చెయ్యట్లేదు నాన్నగారూ! ఎవరూ చెయ్యలేరు! నేను పీలిస్తే నా పొట్టలోకే వెళ్తోంది గాలి, మీ గుండెలోకి రావట్లేదు! ఇన్నాళ్ళూ పీల్చిందంతా నాకే అరిగింది!" హ్యాండిల్ ఆయన చేతిలోంచి లాక్కున్నాను. దాని బరువుకి నేనే ముందుకి తూలాను. ఆయన ఏదో అనబోయి, ఆపి, ఇంజను మీది చిన్న లివరు ఎత్తి పట్టుకున్నారు. "తిప్పు. ఇంకా తిప్పు. నేను లివరు వదిలేదాకా ఆపకు." తిప్పాను. ఇన్నాళ్ళ ఆసనాలూ భుజాల్లో ఎక్కడో దాక్కుని ఉన్నాయి కాబోలు. ఆయన లివరు వదిలారు, ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. చక్రాలు నీళ్ళని కొట్టాయి.

గట్టు మీద పక్కపక్కనే కూలబడ్డాం. ఆయన ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది. నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా, "ఎలా తియ్యాలంటారు ఆవిడ?" అన్నారు. చెప్పాను. పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలని. ఆయన కోపంగానే పీల్చారు, ఇంకా కోపంగా వదిలారు. తర్వాత కాస్త తక్కువ కోపంగా. ఎండ పొడ వచ్చేసరికి ముఖానికి రంగు తిరిగింది. ఆ మధ్యాహ్నం మళ్ళీ డాక్టరుగారి తిట్లు తిని, ఈసారి 'ఆయ్' అనకుండా ఊరుకున్నారు. ఇంజన్ తిప్పే పని ఆ రోజు నుంచి నాదీ కాపలా మనిషిదీ అయింది.

మేడంగారు ఆటో చేయించుకుని చెరువు దగ్గరికి వచ్చారు. చక్రాలనీ, నీళ్ళనీ, నాన్నగారినీ కాసేపు చూసి, "కళ్ళు మూసుకోవద్దు లెండి. నీళ్ళు చూస్తూనే చెయ్యండి" అన్నారు. ఆయనకి ఆవిడ మీద గౌరవం కలిగింది అప్పుడే. అమ్మ ఆవిడకి పెసరట్టు, ఉప్మా, మళ్ళీ పెసరట్టు పెట్టి, క్లాసు చెప్పడానికి వంగలేని స్థితిలో పంపించింది. నాన్నగారు మాత్రం రోజూ గట్టు మీద గోనె పరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మామ్మ వాకబు చేసేది: "అబ్బాయ్, ఏం కనిపించిందిరా?" "రొయ్యలు కనిపించాయమ్మా." "అంతేనా?" "ఈ చెరువులో ఇంకేం ఉంటుందమ్మా!"

నాకు హాలు మానబుద్ధి కాలేదు. నా పేరు చెప్పి చేరాను. నా పేరున చేసినప్పుడు కాలు ఇంకా ఎక్కువ ఊగింది, ఆపడానికి వంక కూడా లేదు మరి. ఆ తర్వాత సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళైంది. ఎన్నో క్లాసులకి వెళ్ళాను. ఇప్పుడైతే చేతి గడియారమే గంటకోసారి వణికి ఊపిరి తీసుకోమంటుంది, నేను దాన్ని పట్టించుకోకుండా ఇంకో పని మొదలుపెడతాను. ఇప్పటి హాళ్ళలో చేపపొడి వాసన లేదు, ఏసీ ఉంది, కరెంటు పోయినా ఎవరికీ తెలియదు. సుఖంగానే ఉంది. కానీ ఫ్యాను ఆగితే గుండె జారే ఒక మనిషి కోసం కూర్చున్నంత గట్టిగా మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు. నాన్నగారు డాక్టరుగారు భయపడినదానికంటే చాలా ఏళ్ళు ఎక్కువ ఉన్నారు. రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులు పోయాయి, ఆయన ఉన్నారు. ఊపిరి వల్లో, మాత్రల వల్లో, హ్యాండిల్ వదిలెయ్యడం వల్లో నాకు తెలియదు. మామ్మ మాత్రం పోయేదాకా తన శనివారాల వల్లే అనుకుంది.

చెరువులు ఇంకా ఉన్న రోజుల్లో, ఒక తెల్లారగట్ల ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వెళ్ళాను. ఆయన గోనె మీద కూర్చుని ఉన్నారు. నీళ్ళు చూడట్లేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు, నిద్రలో కూడా. ఎంతకాలం దానికోసం చూశానో అంతసేపూ చూద్దామని ఆగాను. అప్పుడే చక్రాలు నెమ్మదించి, నీళ్ళు బొట్లు బొట్లుగా కార్చి, ఆగిపోయాయి. కాపలా మనిషి అవతలి గట్టు చివర ఉన్నాడు. హ్యాండిల్ తిప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి, లివరు పట్టేవాళ్ళు లేరు. లేపితే ఆ ముఖం పోతుంది, లేపకపోతే చెరువు పోతుంది. నీళ్ళకేసి చూస్తాను, ఆయనకేసి చూస్తాను, ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటాను. చివరికి ఉండబట్టలేక వంగి, "నాన్నగారూ... కరెంటు పోయింది" అన్నాను.

ఆయన కదల్లేదు. కళ్ళు తెరవలేదు.

"తెలుసమ్మా," అన్నారు, "ఈ ఊపిరి అవనీ."

అది అయ్యేదాకా నాకు ఊపిరాడలేదు.